మావాణ్ణి తీసేసిన సంగతి మావాడే చెప్పాడు

తప్పులుంటే సర్దుకుని చదవండి. మా ఆయన పోయాక, అరవై దాటిన తర్వాత మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. నా రాత నత్తనడక.

మా అబ్బాయి పార్టీ అధికార ప్రతినిధి. మొదట గోడల మీద నినాదాలు రాసేవాడు, తర్వాత నాయకుడికి ఉపన్యాసాలు రాశాడు, చివరికి టీవీలో పార్టీకి నోరయ్యాడు. నాయకుడు ఏం చేసినా మంచికే చేశాడని చెప్పడం వాడి ఉద్యోగం. మేముండే ఇల్లు కూడా పార్టీదే. పదవి పోతే ఇల్లూ పోతుంది.

ఒకరోజు టీవీ చర్చలో యాంకరమ్మ, "నిన్న మీ నాయకుడి ఉపన్యాసం అద్భుతమండీ" అంది. మావాడు ఉబ్బిపోయి, "థాంక్సండీ, రాసింది నేనే" అనేశాడు.

మర్నాడు పార్టీ ఆఫీసు నుంచి వాడి సహాయకుడు ఫోన్ చేశాడు.

"అన్నా, మిమ్మల్ని తీసేశారు. ఆ ప్రకటన..."

"రాసి పంపు, చూస్తాను."

"మీరే రాయాలన్నా. మాకెవరికీ మీలా రాదుగా. ప్రెస్ మీట్ కూడా మీరే పెట్టాలట. కొత్తాయన ఇంకా దొరకలేదు."

కోడలు గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతూ, "రాయండి, రాయండి. తన గొయ్యి తనే ఇంత నున్నగా తవ్వుకోవడం అందరికీ చేతకాదు" అంది.

"నువ్వూరుకోవే. అమ్మా, 'తొలగించాం' అంటే బాగుంటుందా, 'బాధ్యతల నుంచి విముక్తి కల్పించాం' అంటే బాగుంటుందా?"

"ఏదంటే ఏంట్రా, ఇల్లు ఖాళీ చేసేది మనమేగా!" అన్నాను.

వాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. మేమిద్దరం టీవీ ముందు కూర్చున్నాం.

"ఆయన్ని తీసేయడం అన్యాయం కాదా?" అని ఒక విలేకరి అడిగాడు.

"ఏం అన్యాయం? నోరు అదుపులో లేని మనిషి" అన్నాడు మావాడు, తన గురించే. "నాయకుడు ఇన్నాళ్ళు ఓర్చుకున్నదే ఎక్కువ."

"ఇన్నేళ్ళు సేవ చేశారుగా?"

"సేవా? ఆయన్ని పార్టీయే మోసింది."

"ఆ మనిషి మీరే కదండీ?"

"వ్యక్తిగత ప్రశ్నలకు జవాబు చెప్పను."

కోడలు నోరెళ్ళబెట్టింది. "ఇంట్లో ఒక్కనాడైనా తప్పు ఒప్పుకున్నారా అత్తయ్యా, ఈయన!"

అంతలో సహాయకుడు వచ్చి వాడి చెవిలో ఏదో ఊదాడు. అదేంటో తర్వాత మావాడే చెప్పాడు: నాయకుడు కూడా టీవీ చూస్తున్నాడట. "నన్ను ఇంత గట్టిగా వెనకేసుకొచ్చేవాణ్ణి ఎవరైనా వదులుకుంటారా?" అన్నాడట.

మావాడు మంచినీళ్ళు తాగి మైకు సర్దుకున్నాడు.

"మరో ముఖ్య విషయం. నన్ను తీసేశారంటూ కొందరు చేస్తున్న ప్రచారం పూర్తిగా నిరాధారం."

"ఇప్పుడే మీరే చెప్పారు కదండీ!"

"నా మాటల్ని వక్రీకరించారు."

కోడలు లేచి గిన్నెలన్నీ మళ్ళీ అలమరలో పెట్టింది. అట్టపెట్టెలు మాత్రం నేను పారేయనివ్వలేదు.

ఇట్లు,
వీధిలో అందరూ పిలిచే టీవీ మామ్మ, డెబ్బై రెండేళ్ళు. కాపురం ప్రస్తుతానికి పార్టీవారి ఇంట్లోనే.