మరిది ఇంకించిన నీళ్లు

మా మరిది నడుముకి ఎప్పుడూ ఒక టేపు వేలాడుతూ ఉంటుంది. దానితో అతను దేన్నైనా కొలవగా చూసినవాళ్లు లేరు. అయినా ఇళ్ల స్థలాల వ్యాపారంలో దిగిన దగ్గర్నుంచి అది లేకుండా గడప దాటడు. వీధిలో అందరూ అతన్ని టేపు అనే పిలుస్తారు. అది గౌరవమని అతని నమ్మకం.

మా పెరటి వెనక మెరక మీదున్న పొలాన్ని ముక్కలు చేసి, హద్దురాళ్లు పాతి, ప్లాట్లన్నాడు. అక్కడ డ్రైనేజీ లేదు. కట్టే ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉండాలి, దాన్లోంచి వచ్చే నీళ్లు అక్కడి మట్టిలోనే ఇంకాలి. ఇంకుతాయని పరీక్షలో తేలితేనే అమ్ముకోవడానికి అనుమతి. మా ఇల్లు పల్లంలో ఉంది, మా బావి ఇంకా పల్లంలో ఉంది. ఆ మెరకలో ఎవరేం పోసినా చివరికి నా బిందెలోకే వస్తుంది. ఆ మాటే అంటే మరిది నవ్వాడు.

"భూమికంటే పెద్ద జల్లెడ ఎక్కడుంది వదినా? అంతా వడకట్టేస్తుంది."

"ఆ జల్లెడ కింద ఉన్నది నా బావి కదయ్యా."

"నీకివన్నీ అర్థం కావులే."

మట్టి పరీక్ష చేసే అమ్మాయి రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. చోటు తనే చూపించి కూలీ చేత గుంటలు తవ్వించింది. కాస్త లోతుకి వెళ్లేసరికి బంకమట్టి తగిలి పారకి అంటుకుపోయింది. గుంటల నిండా నీళ్లు పోయించి, "మట్టి బాగా నానాలి. రేపు మళ్లీ నీళ్లు పోసి ఎంతసేపట్లో దిగుతాయో చూస్తాను. వీటి జోలికి ఎవరూ వెళ్లకండి" అని చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రానికి కూడా నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. మరిది గుంట గుంటకీ వెళ్లి తొంగిచూశాడు. తొంగిచూస్తే దిగుతాయా? నేను బావి దగ్గర చేద లాగుతుంటే అతను గునపం పట్టుకుని మళ్లీ మెరకెక్కడం కనిపించింది. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, గుంటల అడుగున పొడవడం మొదలుపెట్టాడు. జన్మలో మొక్కకి పాదు చేసి ఎరగడు. పోటుకొకసారి ఆగి నడుం పట్టుకుంటున్నాడు. ఆ బంకమట్టి కింద గులకరాళ్ల పొర ఉంది. బావి తవ్వించినప్పుడు మా ఆయన చూపించారు. గునపం అక్కడిదాకా దిగినట్టుంది, నీళ్లు గుడగుడమని వెళ్లిపోయాయి. పొడిచిన చోటు కనబడకుండా పైన కాస్త మట్టి చల్లి, ఈలవేసుకుంటూ దిగివచ్చాడు.

మర్నాడు ఆ అమ్మాయికి సంగతి చెబుదామని వెళ్లాను. మరిది దారికడ్డం వచ్చాడు.

"వదినా, ఇది తెలిసినవాళ్ల పని. నువ్వెళ్లి పొయ్యి సంగతి చూసుకో."

సరే, తెలిసినవాళ్ల పని చూద్దామని ఓ పక్కన నిలబడ్డాను.

అమ్మాయి గుంటలో నీళ్లు పోయించి కొలత కర్ర నిలబెట్టింది. చేతులు తుడుచుకునే లోపలే గుంట ఖాళీ. మళ్లీ పోయించింది. మళ్లీ ఖాళీ. పక్క గుంటలోనూ అదే తంతు.

"చూశారా మేడమ్," అన్నాడు మరిది, టేపు సర్దుకుంటూ. "మా నేల దాహం అలాంటిది."

"ఈ నేల పనికిరాదండీ," అంది ఆ అమ్మాయి.

"అదేంటి, ఇంకాయిగా?"

"ఇంకలేదు, కారిపోయాయి. ఇంత తొందరగా పోతే మట్టి ఏమీ వడకట్టదు, మురుగంతా నేరుగా ఊటలో కలుస్తుంది. మరీ నెమ్మదైనా పనికిరాదు, మరీ తొందరైనా పనికిరాదు."

మరిది ముఖం కడిగిన పలకలా అయింది. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

"చెబితే ఏం చేసేవారు?"

అప్పుడతను గొంతు తగ్గించాడు. "అసలు మట్టి ఇలా ఉండదు మేడమ్. నిన్న నేనే గునపంతో కాస్త కదిపాను. మామూలుగా అయితే ఇందులో చుక్క దిగదు, ఒట్టు. కావాలంటే మా వదిన్ని అడగండి, బావి దగ్గర్నుంచి చూస్తూనే ఉంది."

తన నేల పనికొస్తుందని చెప్పడానికి అతను ఎంచుకున్న దారి అది.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "చూశారా అమ్మా?"

"చూశాను. అతను ఒళ్లు వంచగా చూడటం నాకదే మొదటిసారి. అందుకే బాగా గుర్తుంది."

కూలీ ముఖం తిప్పుకున్నాడు. అమ్మాయి నవ్వలేదు.

"పైన చుక్క దిగదని మీరే అంటున్నారు, కింద నిలవదని నేను చూశాను. వానాకాలంలో వస్తాను. ఊట పైకి ఎక్కినప్పుడు కొత్త గుంటలు తవ్వి, నానినంతసేపూ మా మనిషిని కాపలా ఉంచుతాను. అప్పటిదాకా అనుమతి మాటెత్తకండి."

వానాకాలంలో ఆ మెరక మీద గుంట తవ్వితే నీళ్లు పోయక్కర్లేదు, వాటంతటవే ఊరి నిలబడతాయి. వీధిలో అందరికీ తెలుసు. మరిదికీ తెలుసు. పరీక్షకి ఎండాకాలం ఏరి పెట్టుకున్నది అందుకే.

అమ్మాయి వెళ్లాక వచ్చి మా పెరటి మెట్టు మీద కూలబడ్డాడు. బురదంటిన టేపుని రుమాలుతో తుడుచుకుంటున్నాడు.

"చూడలేదని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేది వదినా?"

"సాక్షిగా పిలిచింది నువ్వే కదయ్యా."

టేపు నడుముకి తగిలించుకుని మంచినీళ్లడిగాడు. బావి నీళ్లే ముంచి ఇచ్చాను. గటగటా తాగి గ్లాసు మళ్లీ చాపాడు.

"నీ బావి నీళ్లు బాగుంటాయి వదినా."

"బాగానే ఉంటాయి," అన్నాను గ్లాసు నింపుతూ. "పైన నీ జల్లెడ ఇంకా మొదలవలేదుగా."