లేని గుమాస్తా

మా ఆయన కైలాసం చనిపోయిన ఆరో రోజున పన్నుల ఆఫీసు జవాను నోటీసు తెచ్చాడు. పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం. మైల ఇంట్లో కాగితం చేత్తో అందుకోకూడదని మా అత్త కిష్టవ్వ దాన్ని చేటలో వేయించుకొని చూరులో దోపింది. "శుద్ధయినంక చూద్దాం బిడ్డా, గిప్పుడు ముట్టకు" అంది. సరేనన్నాను. ఆ రోజుల్లో నాకు ఏ కాగితమూ అక్కరలేదు.

విచారణ ఆయన పోయిన పదో రోజున. ఆ రోజు మా మరిది సాంబయ్య అస్థికలు పట్టుకొని మంథని గోదావరికి పోయాడు. శుద్ధయ్యాక ఇంటికి సున్నం వేస్తుంటే నోటీసు దొరికింది, అప్పటికే విచారణ రోజు దాటిపోయింది. మరో వారానికి ఉత్తర్వు వచ్చింది. పిలిచినా రాలేదు గనుక పాత లెక్క తిరగదోడి, మేము ఇచ్చిన నూలంతా అమ్మకమే అని పన్ను వేశారు. ఇల్లు అమ్మినా తీరని పన్ను.

చొప్పదండిలో మాది నూలు దుకాణం. కొంత అమ్మేవాళ్లం. ఎక్కువ భాగం సాలె ఇళ్లకు కూలినేతకు ఇచ్చి, చీరలు తిరిగి తీసుకునేవాళ్లం. ఆ నూలు ఎప్పుడూ మాదే. కూలినేతకు ఇచ్చినప్పుడు పేరు ముందు చిన్న చుక్క పెట్టేదాన్ని. పొద్దున నీళ్లు తోడి, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు పుస్తకం రాసి, తరువాత పిల్లలకు పాఠాలు చెప్పడానికి బడికి పరుగెత్తేదాన్ని. పదకొండేళ్లు అలాగే రాశాను. ఆయన మాత్రం అందరితో "మా గుమాస్తా రాస్తడు" అనేవాడు. ఎందుకని అడిగితే, "పెండ్లాం చెప్పినట్టు దుకాణం నడుపుతుండు అనరా?" అన్నాడు. ఒకసారి కరీంనగర్ షావుకారు పుస్తకం చూసి, "మీ గుమాస్తా రాత ముత్యాలోలె ఉన్నదయ్యా" అన్నాడు. నేను చాయ్ అందిస్తున్నాను. మా ఆయన నా వైపు చూసి, "మంచోడే, గని జర నిదానం" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తలుపు వెనక్కి పోయి నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఆయన నాకు కొత్త పెన్ను తెచ్చి, ఏమీ అనకుండా గూట్లో పెట్టాడు. ఇప్పటికీ దానితోనే రాస్తున్నాను.

అప్పీలు వేశాం. పుస్తకం రాసిన గుమాస్తాను తీసుకొని రమ్మన్నారు.

"అంబదాస్‌ను తీస్కపోదాం వదినె" అన్నాడు సాంబయ్య, బజారులో లెక్కలు రాసే మనిషి పేరు చెప్పి. "నేనే రాసిన అంటడు. అన్న మాట నిలబడ్తది."

"అతని రాత వేరు సాంబయ్యా."

"ఎవలు చూస్తరు?"

"నేనైతే చూస్తా. రోజూ నలబై మంది రాత దిద్దుతా."

అత్తకు ఇంకో భయం. "మొగడు పోయినంక ఏడాది తిరగకముందు ఒగల ఇంటి గడప తొక్కద్దు."

"బడికి పోతున్న గద అత్తా."

"బడి వేరు. జీతమస్తది."

అయినా సాంబయ్య అంబదాస్‌ను వెంటబెట్టుకున్నాడు; కరీంనగర్ బస్సులో ముగ్గురం పోయాం. అంబదాస్‌ను వరండాలో కూర్చోబెట్టి, మేమిద్దరం లోపలికి పోయాం. అధికారి కోస్తా మనిషి. "గుమాస్తా ఎక్కడండీ?" అన్నాడు. సాంబయ్య తలుపు వైపు తిరిగాడు. అంబదాస్ లోపలికి వస్తే మా ఆయన మాట నిలబడుతుంది. పుస్తకంలో చుక్క అంటే ఏమిటని అడిగితే మాత్రం అంబదాస్ చెప్పలేడు.

"గుమాస్తా లేడు సార్. నేనే రాసిన."

"గుమాస్తా ఉన్నాడని మీ భర్త వాంగ్మూలంలో ఉందే?"

"నన్నే అన్నడు సార్."

సాంబయ్య తల దించుకున్నాడు. అధికారి ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. మా ఆయన తెచ్చిన పెన్నుతోనే ఒక వాక్యం రాశాను. దాన్ని పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తరువాత, "ఈ చుక్కలేమిటమ్మా?" అని అడిగాడు. చెప్పాను. ఏ ఇంటికి ఎంత నూలు ఇచ్చామో, ఏ రోజు ఎన్ని చీరలు వచ్చాయో పేజీ పేజీ చూపించాను. అరగంట పట్టింది. అంతసేపు ఒక మగమనిషి మధ్యలో అడ్డురాకుండా నా మాట వినడం నాకు కొత్త.

"పోయిన మనిషి పేరున నోటీసు పంపి, రాలేదని పన్ను వేస్తే చెల్లదు" అన్నాడు చివరికి. "ఉత్తర్వు కొట్టేస్తున్నాను. కిందివాళ్లు మీకు నోటీసిచ్చి, మీ మాట విని మళ్లీ తేల్చాలి."

బయటికి వచ్చాం. అప్పటికి ఇల్లు దక్కింది. తిరుగు బస్సులో సాంబయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక, "అంబదాస్‌కు తాపిన చాయ్‌లన్నీ దండుగే గదా వదినె" అన్నాడు. వెనక సీటులోంచి అంబదాస్, "నాలుగే తాగిన" అన్నాడు. ఆయన పోయిన తరువాత నేను నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

నిన్న కొత్త నోటీసు వచ్చింది. దాని మీద బాలలక్ష్మి అని నా పేరు ఉంది. వచ్చే నెల నాలుగున విచారణ. ఆ లోపు, నూలు మాదేనని సాక్ష్యం చెప్పమని ముప్పై రెండు సాలె ఇళ్ల వాళ్లను నేనే పోయి అడగాలి. అత్త చెప్పిన ఏడాది తిరగడానికి ఇంకా ఏడు నెలలున్నాయి. ఇంతవరకు ఒక్క గడపా తొక్కలేదు.