కింది వాళ్ల మార్కులు

నా మోకాళ్లు సగం సైన్యంలో అరిగాయి. మిగిలిన సగం కొండాపూర్ దాటాక వచ్చే ఈ సాఫ్ట్‌వేర్ క్యాంపస్ రెండో గేటు దగ్గర అరుగుతున్నాయి. ఇరవై నాలుగేళ్లు సర్వీసు చేసి హవల్దారుగా దిగిపోయాను. ఇక్కడ సెక్యూరిటీ ఏజెన్సీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. పేరు పెద్దదే గానీ పన్నెండు గంటలూ నిలబడే ఉద్యోగం. నా కింద ఎనిమిది మంది గార్డులు. పొద్దున లేస్తే వాళ్ల బెల్టులు, బూట్లు, హాజరు పట్టీ, ఇదే నా లోకం.

హవల్దారుగా దిగిపోయాను అని చెప్పేటప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. దాని పై ర్యాంకు, నాయబ్ సుబేదార్ కావలసినవాణ్ణి. రైఫిల్ పోటీల్లో ముందున్నాను, ఒక్క రోజు ఆలస్యంగా పరేడ్‌కు వెళ్లింది లేదు, ఒక్క శిక్ష లేదు. అయినా ప్రమోషన్ బోర్డులో నా పేరు రాలేదు. నాకన్నా రెండేళ్లు జూనియర్, అనంతపురం వాడు గోవిందప్ప పేరు వచ్చింది. వాడు చేసే ఘనకార్యం ఏమిటంటే ఖాళీ దొరికితే బ్యారక్‌లో జవాన్ల మంచాల మీద కూర్చుని వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టడం. ఎవరి తల్లికి జ్వరమో, ఎవరి బర్రె ఈనిందో వాడికి కావాలి. మా కల్నల్ నా గురించి రహస్య రిపోర్టులో ఏం రాశాడో ఎవరూ చెప్పలేదు. సిఫార్సు లేకనే ప్రమోషన్ పోయిందని నేనే తేల్చుకున్నాను. ఆ కల్నల్‌ను తిట్టుకోని వారం లేదు.

అందుకే మేజర్ పార్థసారథి వచ్చి ప్రమోషన్ల పద్ధతి మారుస్తున్నానన్నప్పుడు అందరికన్నా ఎక్కువ సంతోషించింది నేనే. ఆయన సైన్యం నుంచి రిటైరై మా ఏజెన్సీకి ఆపరేషన్స్ హెడ్‌గా వచ్చాడు. సకల జనుల సమ్మె ఆగి అప్పటికి పది రోజులైనా కాలేదు. ఇన్‌చార్జిలందరినీ పిలిపించి గంటసేపు మాట్లాడాడు. ఇకమీద ఎవరు ముందు చేరారన్నది చూడం, ఎవరి మనిషన్నది చూడం, అర్హత ఒక్కటే చూస్తామన్నాడు. సైన్యంలో పైవాడు రాసిన రిపోర్టుతో మనిషి తలరాత తేలిపోవడం చూసి విసిగిపోయానని, నడిపించేవాడు ఎలాంటివాడో నడిచేవాళ్లకే తెలుస్తుందని, వాళ్లను అడిగే అవకాశం తనకు అక్కడ దొరకలేదని అన్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఖాళీగా ఉన్నది సెక్యూరిటీ ఆఫీసర్ పోస్టు. దానికి చిన్న గది, ఫ్యాను, కుర్చీ ఉంటాయి. మూడు సైట్ల నుంచి ముగ్గురం పోటీ. నా భార్య జ్యోతి అప్పుడే ఆ కుర్చీ కోసం పాత చీరతో మెత్త కుట్టేసింది. ఇంకో ఏడాది ఇలాగే నిలబడితే మోకాలికి ఆపరేషన్ తప్పదని దవాఖానలో చెప్పారు మరి.

మేజర్ గారి కొత్త పద్ధతి ఇది: ఒక్కో గార్డుకు ఒక కాగితం. తన ఇన్‌చార్జి గురించి పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కులు. పేరు రాయక్కర్లేదు. అన్నిటికన్నా కింద ఒక గడి. ఈయన కింద పనిచేయడం మీకు ఇష్టమేనా? ఔను, కాదు. ఒక్క కాగితంలో 'కాదు' అని వచ్చినా ఈ ఏడాదికి ఆ మనిషికి ప్రమోషన్ లేదు. అంత కఠినమైన రూలు ఎందుకని ఎవరో అడిగితే, ఒక్కడికి నమ్మకం లేకపోయినా పదిమందీ ప్రమాదంలో పడతారన్నాడు.

అంతా బాగుంది. కాగితాలు మాత్రం ఇంగ్లిష్‌లో అచ్చు వేయించాడు.

మా వాళ్లలో ఇంగ్లిష్ చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. మొదట కిష్టయ్య వచ్చాడు, అందరిలోకి పెద్దవాడు. "మీరే రాయుండ్రి సార్, మాకేం ఎర్క" అని కాగితం నా చేతిలో పెట్టాడు. నన్ను గురించి నన్నే రాయమంటున్నాడు! అప్పుడే మేజర్ గారికి ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. సాయంత్రానికల్లా కాగితాలు అందాలి, పైగా కిష్టయ్య వెనక మిగతావాళ్లు వరసలో నిలబడ్డారు.

ఒక్కో ప్రశ్నా తెలుగులో చదివి చెప్పాను, వాళ్లు చెప్పింది రాశాను. కిష్టయ్య అన్నిటికీ ఐదే అన్నాడు. అనవసరంగా కోప్పడతాడా అన్న ప్రశ్నకూ ఐదే అన్నాడు. అలాగే రాశాను. ఏడుగురివీ అరగంటలో అయిపోయాయి. చివరి గడి దగ్గర ఏడుగురూ ఇష్టమే అన్నారు.

ఆఖరున యాదమ్మ వచ్చింది. ఆడవాళ్లను తనిఖీ చేసే అర దగ్గర ఉంటుంది. ఇల్లు బోరబండ, భర్త జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ పని. ఆమె ఒక్కో ప్రశ్ననూ రెండుసార్లు చదివించుకుంది. టైముకు వస్తాడా, ఐదు. రూలు అందరికీ ఒకటేనా, ఐదు. డ్యూటీలో తాగుతాడా, సున్నా. నాకు లోపల గర్వంగానే ఉంది. చివరి గడి చదివాను.

"ఇష్టం లేదని రాయుండ్రి సార్."

అర్థం కాలేదేమో అనుకుని విడమరిచి చెప్పాను. ఒక్కరు కాదన్నా నాకు ఆ పోస్టు రాదన్నాను. ఎర్కే అంది. ఎందుకని అడిగాను. గొంతు పెంచకుండా చెప్పింది.

"రైళ్లు బందైన దినం పట్టాల పొంటి నడ్చుకుంట వచ్చిన సార్. కాలు బెణికింది, కుంటుకుంట వచ్చిన. మీరు గడియారం చూసిండ్రు, రిజిస్టర్ల ఎర్ర గీత కొట్టిండ్రు, పొయి నిలవడుమన్నరు. ఎట్ల వచ్చినవని అడగలే. మీరు మంచోళ్లే, అన్నెం చెయ్యరు. గాని మీ కింద పనిచేస్తుంటే నేను మనిషినన్న సంగతి నాకే యాదికుండది."

సమ్మెలో ఆ రోజు నాకు బాగానే గుర్తుంది. నలభై నిమిషాలు ఆలస్యం. బస్సుల్లేవు, రైళ్లు లేవు, ఆటోలు జై తెలంగాణ జెండాలతో ఊరేగింపుల్లో ఉన్నాయి. ఆ సంగతి తెలిసే నేను ముందు రోజు ఇంటికే పోకుండా గార్డు రూంలో పడుకున్నాను. నేను ఉండగలిగినప్పుడు ఈమెకేం అనుకున్నాను. ఆమె కుంటడం చూశానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పెన్ను ఆ గడి మీదే ఉంది. నేను ఏం రాసినా ఆమెకు చదవరాదు. పేరు లేని కాగితం, అడిగేవాడు లేడు. నా మోకాళ్లు, జ్యోతి కుట్టిన మెత్త, గదిలో ఫ్యాను, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఆమె చెప్పిందే రాశాను. గొప్పతనమేమీ కాదు. ఉన్నది ఉన్నట్టు రాయడం తప్ప ఈ చేతికి ఇంకోటి అలవాటు లేదు. రాశాక కాగితం ఆమె ముందే మడిచేశాను.

సాయంత్రం మేజర్ పార్థసారథి ఎనిమిది కాగితాలూ బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. "ఇవన్నీ మీ చేతిరాతే కదా వీరేశం గారూ" అన్నాడు. అవునని, వాళ్లకు ఇంగ్లిష్ రాదని చెప్పాను. ఆయన నుదురు రుద్దుకున్నాడు. ఆ తప్పు తనదేనన్నాడు, వచ్చే ఏడాది తెలుగులో వేయిస్తానన్నాడు. తర్వాత ఎనిమిదో కాగితం విడిగా తీసి పట్టుకున్నాడు.

"ఇదీ మీరే రాశారా?"

అవునన్నాను. ఎవరు చెప్పారని ఆయన అడగలేదు, అడిగినా చెప్పేవాణ్ణి కాదు. నా ముఖం చూడలేక కాబోలు, కిటికీ వైపు తిరిగి, రూలు పెట్టింది తానేనని, మొదటి ఏడాదే దాన్ని తప్పలేనని అన్నాడు. నేను సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాను. మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది.

పోస్టు వేరే సైటులో ఉన్న శ్రీనివాసులుకు వెళ్లింది. ఆ సంగతి తెలిసిన రోజు షిఫ్టు దిగాక యాదమ్మ నా దగ్గరికి వచ్చి, తన కాగితం వల్లనే పోయిందా అని అడిగింది. అవునన్నాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"వేరేటోళ్లు రాస్తే ఇష్టమే అని చెప్పేదాన్ని సార్. మన మాట మార్చి రాసి, మల్ల మన మీదనే కక్ష పడ్తరు. మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తరని ఎర్క. గందుకే చెప్పిన."

సంచీ భుజానికి తగిలించుకుని రైలుకు వెళ్లిపోయింది. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. పొగిడిందో, తిట్టిందో తెలియలేదు. కల్నల్ నా రిపోర్టులో ఏం రాసి ఉంటాడో మాత్రం మొదటిసారి తెలిసింది. ఆ రోజు చివరి గడి దగ్గర యాదమ్మ చెప్పిన మాటే ఇంగ్లిష్‌లో ఒక వాక్యంగా రాసి ఉంటాడు.

యాదమ్మ మీద కోపం పోవడానికి నెల పట్టింది. కల్నల్ మీద ఇన్నేళ్లుగా మోస్తున్న కోపం మాత్రం ఆ సాయంత్రమే దిగిపోయింది. దిగితే హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. ఇన్నాళ్లూ తిట్టుకోవడానికి నాకు ఇంకో మనిషైనా ఉండేవాడు.