బోర్డు మీద దేవేంద్ర

హిందూపురంలో మా బడికి ఇంగ్లిష్ టీచరు కావాలంటే కనగానపల్లి నుంచి వరలక్ష్మి వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌ని కాబట్టి పదో తరగతిలో డెమో పెట్టి నేను వెనక బెంచీలో కూర్చున్నాను. వాక్యంలో ఏ మాటకు బరువివ్వాలో దాన్ని ముందుకు తేవడమెట్లాగో చెప్పమన్నాను. నోటికొచ్చిన వాక్యం నేనే బోర్డు మీద రాశాను: ‘దేవేంద్ర బాట్ ఎ శారీ ఇన్ ధర్మవరం.’

ఆమె బాగానే మొదలుపెట్టింది. చీరకు బరువిస్తే ‘ఇట్ వజ్ ఎ శారీ దట్ హీ బాట్’, ఊరికిస్తే ‘ఇట్ వజ్ ఇన్ ధర్మవరం’ అంటూ పిల్లలతో పలికించింది. పేరు ఎదురుగా ఉండగా ఈ ‘హీ’ ఎందుకో నాకర్థం కాలేదు.

“కొన్న మనిషికి బరువివ్వాలంటే మేడమ్?” ముందు బెంచీ పిల్ల అడిగింది.

“అదే... ఈయన” అని సుద్దముక్కతో పేరు చూపించింది. పిల్లలు గొల్లుమన్నారు. నేనడిగినా మళ్లీ అదే ‘ఈయన’. కష్టమైనవన్నీ చెప్పి, తేలికైన దాని దగ్గర ఈమెకేమొచ్చింది? నాకసలే ఓపిక తక్కువ.

“ఏమ్మా, ఆ పేరు చదివితే ముత్యాలు రాలతాయా? చదవకపోతే ఇంటికి పో.”

ఆమె నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “అది మా ఇంటాయన పేరు మేడమ్.”

“బీఈడీ చదివి ఇదేం చాదస్తం?”

“మామూలుగా అయితే నాకూ పట్టింపు లేదు. నాలుగు దినాల కింద పెనుకొండ కాడ బండి మింద నుంచి పడినాడు. ధర్మవరం ఆస్పత్రిలో ఉండాడు, ఇంకా కండ్లు తెరవలా. పేరు పలికితే ఆయుస్సు తగ్గుతాదని మా అత్త ఒట్టేయించుకునింది. ఈ ఉద్యోగం రాకుంటే మాకు గతి లేదు. నన్నేం చేయమంటారు మేడమ్?”

నాకు సిగ్గేసింది. “ఇంతేనా? వేరే పేరు రాసుకుందాం” అని గబగబా బోర్డు దగ్గరికి పోయి డస్టరు ఎత్తాను.

“తుడవద్దు మేడమ్!”

ఆ కేకకు తరగతంతా బిగుసుకుపోయింది. ఇలాంటివి నేను నమ్మను. ఇరవై ఏళ్లుగా పిల్లలకూ నమ్మొద్దనే చెబుతున్నాను. అయినా చెయ్యి కదల్లేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. భయమేసింది, అంతే.

డస్టరు బల్ల మీద పెట్టేశాను. ఉద్యోగం నీదేనని ఆమెతో చెప్పాను. పదో తరగతిని పక్క గదిలోకి పంపించి, ఆ పేరున్న బోర్డు గదికి నేనే తాళం వేశాను.