సార్ నోట్సులో తప్పు

ఇంగ్లిషు నోట్సులో ఉదాహరణ వాక్యాలన్నీ నేనే రాస్తాను. "మా పక్కింటాయన గోరంతని కొండంత చేస్తాడు" అని నేను రాసిస్తే, మా ఆయన 'పక్కింటాయన'ని కొట్టేసి 'మా ఆవిడ' అని పెడతాడు. "మా ఆఫీసరుకి ఏం చెప్పినా ఓ పట్టాన బుర్రకెక్కదు" అని రాస్తే, ఆఫీసరు పోయి అక్కడా మా ఆవిడే వచ్చి కూర్చుంటుంది. "క్లాసు నవ్వాలి. నవ్వితేనే గుర్తుంటుంది," అంటాడు. నవ్వుతారు కూడా. తెర వెనక టీ వడగడుతూ ఆ నవ్వు వింటుంటాను. రోజుకి నాలుగు బ్యాచ్‌లు, నాలుగు నవ్వులు. రోడ్డు మీద ఎదురైన స్టూడెంట్లు మూతి బిగబట్టి నమస్తే పెడితే, నేను వెలగబెట్టిన ఏ ఘనకార్యం గుర్తొచ్చిందో పాపం అనుకుంటాను.

మా ముందు హాలే క్లాసు. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్ల బోర్డు, లోపలి గుమ్మానికి తెర. తెర ఇవతల వంటిల్లు, దాని పక్కన అత్తగారి గది. 'తొంభై రోజుల్లో గలగలా ఇంగ్లిషు' అని వీధిలోకి పెద్ద బోర్డు. ఆయన్ని అందరూ సార్ అంటారు. అత్తగారు కూడా పొద్దున్నే "సార్ లేచాడా?" అనే అడుగుతుంది. నేను అయిదింటికి లేచి హాలు ఊడ్చి, కుర్చీలు తుడిచి, టైపు చేసిన నోట్సు జిరాక్స్ తీయించుకొచ్చి పిన్నులు కొట్టి, ఫోనెత్తి "సార్ క్లాసులో ఉన్నారండీ" అని చెప్పి, వాటి మధ్యలోనే వంట, బట్టలు, అత్తగారి మందులు. ఎవరైనా అడిగితే ఆయన "మా ఆవిడ ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు.

పెళ్ళయిన మొదటి నెలలోనే నాకు చదువు మొదలుపెట్టాడు. రోజుకి పది ఇంగ్లిషు జాతీయాలు. హాల్లో అదే మనిషి, "తప్పులు చెయ్యండి, ఏం పర్లేదు, తప్పు చేస్తేనే కదా నేర్చుకుంటారు" అని తేనె పూసిన గొంతుతో చెప్పేవాడు. తెర ఇవతలికి వచ్చాక ఒక్కో తప్పుకి ఒక్కో లెక్క. మొదట్లో చెవి మెలిపెట్టేవాడు. తర్వాత స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద. ఆ తర్వాత చేతికేది దొరికితే అది. "చదువు చెప్పేవాడి చెయ్యి తగలకుండా చదువొస్తుందా అమ్మాయ్? వాడు నీ బాగుకే కదా చెప్తోంది," అనేది అత్తగారు. ఒకసారి చుట్టాల ముందు నేను ఏదో మాట కలిపాను. వాళ్ళు వెళ్ళాక భోజనానికి కూర్చుంటూ అడిగాడు.

"హోల్డ్ యువర్ టంగ్ అంటే ఏంటి?"

"నోరు మూసుకోమని."

"అర్థం సరే. చేసి చూపించు."

రెండు వేళ్ళతో నా నాలుక నేనే పట్టుకుని, ఆయన భోజనం అయ్యేదాకా పక్కన నిలబడ్డాను. చొంగ మోచేతి దాకా కారింది. తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి కదిపితే గ్లాసు విసిరాడు, అది కనుబొమ్మకి తగిలింది. అత్తగారు ఆయన కంచంలోకి వంగి, "ఇంకాస్త కూర వెయ్యనా నాన్నా?" అంది.

అయినా నాకు ఇంగ్లిషు వచ్చింది. దెబ్బలకి వచ్చిందని ఆయన నమ్మకం. నిజానికి దెబ్బ పడిన రోజున నేర్చుకున్నది ఒక్కటీ నాకు గుర్తుండేది కాదు. తెర వెనక నిలబడి, డబ్బులు కట్టి కూర్చున్న వాళ్ళందరితో పాటు విన్నందుకు వచ్చింది. బీరువా మీద దుమ్ము పట్టిన లావుపాటి నిఘంటువు ఉంటే, మధ్యాహ్నాలు ఆయన పడుకున్నప్పుడు దించి చదివినందుకు వచ్చింది. చదివేకొద్దీ ఆయన నోట్సులో తప్పులు కనిపించడం మొదలైంది. టైపు చేస్తూ చడీచప్పుడు లేకుండా సరిచేసేదాన్ని. ఆయన ఎప్పుడూ గమనించలేదు, ఒక్కదాన్ని తప్ప. 'పించ్ ఆఫ్ సాల్ట్' అన్న దానికి, తిన్న ఉప్పు మరవకుండా విశ్వాసంగా ఉండటమని ఆయన రాసుకున్నాడు. ఎవరో పెద్దాయన చెప్పారట. ఉప్పు అనగానే మనకి విశ్వాసమే గుర్తొస్తుంది మరి. నేను నిఘంటువు చూసి మార్చాను. జిరాక్స్ కాగితం చేతిలో పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "నా నోట్సులో చెయ్యి పెట్టావా? ఏ చెయ్యి?" అని అడిగాడు. కుడి చెయ్యి అని నిజమే చెప్పాను. ఆ చెయ్యి బీరువా అంచున ఆనించి తలుపు వేశాడు. రెండు గోళ్ళు ఊడిపోయాయి. అవి మళ్ళీ పెరిగేసరికి ఆరు నెలలు పట్టింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆ తప్పుని నేనే నా చేత్తో, ఒక్క అక్షరం పోకుండా, ప్రతి బ్యాచ్‌కీ టైపు చేశాను.

మొన్న ఆయన గొంతు పోయింది. పూర్తిగా. మూడు రోజులు నోరు మెదపొద్దని డాక్టరు చెప్పాడు. పదకొండింటి ఆడవాళ్ళ బ్యాచ్‌ని మానేస్తే పక్క వీధి కోచింగ్‌కి పోతారని ఆయన భయం. "నువ్వు చదువు. చదవడం అంతే. అర్థాలు కాగితంలో ఉన్నాయి," అని బుసలాంటి గొంతుతో చెప్పి, మెడకి మఫ్లరు చుట్టుకుని మూలన కుర్చీ వేసుకున్నాడు.

పదకొండు మంది ఆడవాళ్ళు. పెద్దాసుపత్రిలో పనిచేసే నర్సు, ఒక టైలరు, బట్టల షాపులో అమ్మే అమ్మాయి, ఇలాంటివాళ్ళు. రెండు వాక్యాలు చదివానో లేదో షాపు అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, 'అండర్ ది వెదర్' అంటే వానలో తడవడమా?"

"కాదమ్మా. ఒంట్లో బాగా లేకపోవడం. ఇవాళ సార్‌కి ఉన్నట్టు."

అందరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు. పద్నాలుగేళ్ళుగా ఆ హాల్లో నా మీద నవ్వారే గానీ నా మాటకి నవ్వడం అదే మొదటిసారి. ఒళ్ళంతా వెచ్చగా అయింది. కాగితం పక్కన పెట్టాను. ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు. టైలరుకి బట్టల కొలతలతో ఉదాహరణ చెప్పాను, షాపు అమ్మాయికి బేరాలతో చెప్పాను. నా గొంతు ఇంత పెద్దదని నాకు తెలియదు. అప్పుడు నర్సు లేచింది.

"మేడమ్, ఇక్కడ 'పించ్ ఆఫ్ సాల్ట్' అంటే విశ్వాసంగా ఉండటం అని ఉంది. నిన్న మా డాక్టరుగారు ఒక పేషెంటుని చూపించి, తాగుడు మానేశానంటున్నాడు, పించ్ ఆఫ్ సాల్ట్‌తో తీసుకో అన్నారు. నేను ఆ పేషెంటు దగ్గరికెళ్ళి, మీరెంత విశ్వాసం గలవారండీ అని మెచ్చుకున్నాను. వార్డంతా నవ్వారు మేడమ్. నాకు తల కొట్టేసినట్టయింది."

మూల వైపు చూశాను. ఆయన తల మెల్లిగా అడ్డంగా ఊపాడు. ఊడిన గోళ్ళ చోట వేళ్ళు జివ్వుమన్నాయి. కాగితంలో ఉన్నదే చదివేస్తే సరిపోయేది. కానీ ఆ పిల్ల పెన్ను పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. నేను అబద్ధం చెప్తే రేపు వెళ్ళి మళ్ళీ నవ్వులపాలవుతుంది. ఎనిమిదేళ్ళుగా ఎంతమంది ఎక్కడెక్కడ నవ్వులపాలయ్యారో!

"పూర్తిగా నమ్మకు, కాస్త అనుమానం ఉంచుకుని విను, అని దానర్థం," అన్నాను.

"మరి నోట్సులో?"

"నోట్సులో తప్పు. కొట్టేసుకోండి."

పదకొండు పెన్నులు ఒకేసారి గీతలు గీశాయి. మూలన ఆయన చప్పట్లు కొట్టాడు.

ఆడవాళ్ళు వెళ్ళిపోయాక వీధి తలుపు గడియ పెట్టాడు. అత్తగారి గదిలో టీవీ సౌండు పెరిగింది. ఏదైనా జరగబోతోందంటే ఆవిడకి ముందే తెలుస్తుంది, అందుకే పెంచుతుంది. ఆయన అరవలేదు. అరవడానికి గొంతు లేదు. అదే ఎక్కువ భయం వేసింది. జడ చేతికి చుట్టుకుని లాక్కెళ్ళాడు. తెర చుట్టుకుని కడ్డీతో సహా ఊడి నా భుజం మీద పడింది. వంటింటి గట్టుకేసి తల కొట్టాడు, ఒకసారి, రెండోసారి. పై పెదవి చీలి నోట్లో వెచ్చగా నిండింది. ఉప్పు డబ్బా మూత తీసిన చప్పుడు విన్నాను.

"చిటికెడా?" అన్నాడు ఆ బుస గొంతుతోనే. "చిటికెడు నీకేం సరిపోతుంది? పిడికెడు తిను."

ముక్కు మూశాడు. ఊపిరి కోసం నోరు తెరిచాను. ఉప్పు కుక్కాడు. చీలిన పెదవి మంట నెత్తికెక్కింది. కళ్ళు బైర్లు కమ్మాయి. కక్కుకోబోతే అరచేత్తో మూసి, ఇంకో పిడికెడు తీసి బొటనవేలితో లోపలికి, గొంతు దాకా నెట్టాడు. ఊపిరాడలేదు. చచ్చిపోతున్నానని స్పష్టంగా తెలిసింది. అప్పుడు నేనేమీ ఆలోచించలేదు. ఆలోచించి చేశానని చెప్పుకోవాలని ఉంది కానీ, లేదు. పళ్ళు మూసుకున్నాయి.

మొదట చర్మం, తర్వాత మెత్తగా ఏదో, తర్వాత గట్టిగా ఎముక. ఆయన నోరు ఇంత పొడుగున తెరుచుకుంది, శబ్దం రాలేదు, పంక్చరైన ట్యూబు లోంచి వచ్చే గాలి మాత్రం వచ్చింది. రెండో చేత్తో నా కణత మీద గుద్దాడు. గుద్దిన కొద్దీ దవడ బిగిసింది. ఎంతసేపో నాకు తెలీదు. వదలాలని మాత్రం అనిపించలేదు. అత్తగారు పరుగెత్తుకొచ్చింది. పద్నాలుగేళ్ళలో ఆవిడ టీవీ వదిలి రావడం అదే మొదలు.

"వదలవే! కుక్కలా పట్టుకున్నావేంటే, వదలవే నా కొడుకుని!"

వదిలాను.

ఆవిడే తువ్వాలు చుట్టింది. "ఎవరడిగినా కుక్క కరిచిందని చెప్పండి. ఇద్దరూ అదే చెప్పండి. పెళ్ళాం కరిచిందంటే సార్ అని ఇంకెవడు పిలుస్తాడు?" అంది. ఆయనకి గొంతు పెగలదు కాబట్టి మాట్లాడటానికి నన్ను వెంట పంపింది. ఆటోలో ఆయన అటు చివర, నేను ఇటు చివర. నోట్లో ఉప్పు ఇంకా కరుగుతూనే ఉంది.

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో మధ్యాహ్నం డ్యూటీ ఆ నర్సుదే. "అయ్యో సార్! ఏమైంది సార్?" అంటూ తువ్వాలు విప్పింది. ఆయన నా వైపు చూశాడు, చెప్పమని. నేను గోడ వైపు చూశాను. "డాగ్," అని ఆయనే బొంగురుగా అన్నాడు. ఆమె గాయాన్ని నీళ్ళతో కడుగుతూ కడుగుతూ ఆగింది. పళ్ళ వరస గుండ్రంగా, పొందిగ్గా పడింది. ఆమె తలెత్తి నా పెదవి చూసింది. గడ్డం మీద ఎండిన తెల్లని చారలు చూసింది.

"కుక్క కాటైతే అయిదు ఇంజెక్షన్లు పడతాయి సార్," అంది రిజిస్టరు తెరిచి. "కుక్కని పది రోజులు కనిపెట్టి చూడాలి. వీధి కుక్కా, పెంచుకున్నదా? మేడమ్, మీరు చూశారా?"

"కుక్క కాదమ్మా," అన్నాను. "నేనే."

బల్ల కింద ఆయన చెప్పు కాలితో నా పాదం మీద బలంగా తొక్కాడు. అంత నొప్పిలోనూ, అంతమందిలోనూ, తొక్కాడు. నర్సు కిందకి వంగి చూసింది. లేచి నన్ను భుజం పట్టుకుని తలుపు దాకా తీసుకెళ్ళి, గొంతు తగ్గించింది.

"మేడమ్, మనిషి కరిచారని రాస్తే పోలీసులకి కబురు పెట్టాలి. ఎక్కువ దెబ్బ తిన్నట్టు కనిపించేది ఆయన. కేసు మీ మీదే అవుతుంది. కుక్క అని రాసేస్తాను, ఇంటికి వెళ్ళిపోండి. సరేనా?"

వంటింట్లో నేలంతా ఉప్పు పడి ఉంటుంది. అత్తగారు ఊడ్చి ఉండదు. అయిదింటికి ఇంకో బ్యాచ్ వస్తుంది. ఊడిన కడ్డీ బిగించి, తెర మళ్ళీ కట్టాలి.

"ఉన్నదున్నట్టు రాయమ్మా," అన్నాను. "కేసు పెడితే పెట్టనీ. అక్కడైనా, ఎందుకు కరిచావని నన్నడుగుతారు కదా."