చీలని మొద్దు

రొట్టెల బట్టీ ఆవిడ తెల్లవారగానే తలుపు తీసి, "మొద్దు వేస్తున్నానర్రా!" అని కేకేస్తుంది. వీధివీధంతా ఎవరి బొందు వాళ్లు పట్టుకుంటారు. ఆమె పొయ్యిలో కణుపుల మొద్దు మండితే ఆ వీధిలో ఎక్కడో ఓ ముడి ఊడిపోతుంది మరి. ఒకరోజు ఎవరి జడో, ఒకరోజు మేక మెడతాడు, మొన్న ఎదురింటి దర్జీ లాగు బొందు.

"కాస్త గట్టిగా అరువక్కా! పరువు పోతోంది," అన్నాడు దర్జీ.

"పరువుని బొందుకి కట్టుకుంటే అంతే నాయనా," అందామె.

వంకరవీ, పంగలవీ, బుడిపెలవీ, గొడ్డలికి లొంగని మొద్దులన్నీ అడితిలో కట్టెలు కొట్టే ఆయన ఓ మూల పడేస్తాడు. ఇంకెవరికీ అక్కర్లేదు. ఆమె బట్టీకి నోరు పెద్దది, నిక్షేపంగా మింగేస్తుంది. తొమ్మిదేళ్లుగా రోజూ వెళ్లి తెచ్చుకుంటోంది. ఆమె ఎదురుపడితే మాత్రం ఆయన నాలుకకి ముడి పడుతుంది, బెల్లంకొట్టిన రాయే.

ఈ వారం అడితి మూతపడింది. ఆయన సాయంత్రం బస్సుకి వేరే ఊళ్లో అన్నగారి దగ్గరికి పనికి వెళ్లిపోవాలి. పొద్దున్నే ఆఖరి మొద్దు భుజాన మోసుకొచ్చి బట్టీ ముందు దించాడు. చీల్చబోతే, దిగ్గొట్టిన మూడు ఇనప మేకుల్ని వంచేసిన వేరుమొద్దు అది.

"వెళ్లిపోతున్నారటగా?" అందామె.

ఏదో అనబోయి, మెడ గోక్కుని వెళ్లిపోయాడు. రేపటి నుంచి ఎవరి కోసం అంత దూరం నడవాలో ఆమెకు తోచలేదు.

వేరుమొద్దు పొద్దంతా మండింది. వీధంతా బొందులు పట్టుకుని కూర్చుంది. ఒక్కటీ ఊడలేదు.

"తుస్సు," అన్నాడు దర్జీ, కాస్త నిరాశగానే.

సాయంత్రం ఆయన మూట చంకన పెట్టుకుని, వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చాడు. నోరు తెరిచాడు. ఆ మొద్దు పొద్దంతా ఏ ముడి మీద పనిచేసిందో అప్పుడు తెలిసింది.

"మీ రొట్టెల వాసనకే నిద్ర లేస్తానండీ! మీరు నవ్వితే గొడ్డలి గురి తప్పుతుందండీ! అసలు ఆ మొద్దుల్లో సగం నేను చిటికెలో చీల్చగలిగినవేనండీ. చీల్చేస్తే మీరిక రారని..."

తన గొంతు విని తనే బిత్తరపోయాడు.

ఆమె పిండిచేతులు తుడుచుకుంది. "నాకు తెలీదా? ఒక్క గొడ్డలి గాటైనా లేని మొద్దుల్ని తొమ్మిదేళ్లుగా మోస్తున్నదాన్ని."

"మరి అడగలేదేమండీ?"

"నువ్వే చెబుతావని చూశా, మొద్దూ!"

అప్పుడు మూట ముడి కూడా ఊడింది. రెండు చొక్కాలూ దువ్వెనా నేలమీద పడ్డాయి. ఆమె చొక్కాలు దులిపి లోపల కొక్కేనికి తగిలించింది. వీధి చివర బస్సు హారన్ కొట్టి, కొట్టి, వెళ్లిపోయింది.