శుభ్రమైన గది

ఉతికే మిషను మళ్ళీ మొరాయించింది. నీళ్ళు తోడుకుంటోంది గానీ తిరగనంటోంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చతికిలబడి, మిషను కింది జల్లెడ ఊడదీసింది. అందులో పేరుకున్న బూడిదరంగు పీచును వేళ్ళతో లాగి బకెట్లో పడేస్తోంది. ముట్టుకుంటే జిగట, ముక్కు దగ్గరికొస్తే కంపు. వెనక గోడవార తెల్ల డ్రెస్సులు గుట్టపడి ఉన్నాయి. తెల్లవని పేరే. అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టరు ఆపి మరమ్మతులు చేస్తున్న రోజులవి. లోపలికి దిగిన ప్రతివాడూ బయటికొచ్చి విప్పి పారేసిన డ్రెస్సు ఇక్కడికే వస్తుంది. చెమట, నూనె, కంటికి కనిపించనిది ఇంకేదైనా ఉంటే అదీ.

ఈ గదికి కేంద్రం వాళ్ళు పెట్టిన పేరు 'శుభ్రమైన గది'. తలుపు మీద ఆకుపచ్చ అక్షరాలతో రాసి మరీ ఉంది.

"మీరు లేవండత్తయ్యా, నేను తీస్తాను" అంది కోడలు.

ఆ పిల్లకి ఐదో నెల. వంగితే ఆయాసం. ఆవిడ కసిరి, ఇస్త్రీ బల్ల దగ్గరే కూర్చుని మడతలు పెట్టమంది. పొద్దున్నుంచీ తొందర చేస్తున్నారు. దేశదేశాల నుంచి అతిథులొచ్చారట. పొగ రాని కరెంటు ఎలా పుడుతుందో చూసి, తలా ఒక తెల్ల డ్రెస్సు తొడుక్కుని ఫొటో దిగుతారట. గేటు దగ్గర 'పొగ లేని కరెంటు, మచ్చ లేని రేపు' అని ఇంతేసి అక్షరాలతో బ్యానరు కట్టారు.

ఆ మాట మీద ఆవిడకి నమ్మకం లేకపోలేదు. ఆవిడ మొగుడు పాత బొగ్గు కేంద్రంలో బూడిద ఎత్తి ఎత్తి, చివరికి నల్లటి కఫం కక్కుకుంటూ పోయాడు. ఆ పొగగొట్టం ఆరిపోయి ఇది మొదలయ్యాక, దండెం మీద ఆరేసిన బట్టలకి మసి అంటడం మానేసింది. అదేం అబద్ధం కాదు. కరెంటు శుభ్రంగానే వస్తోంది. దాని మురికి ఎవరు ఎత్తిపోస్తున్నారన్న సంగతే బ్యానరు మీద పట్టలేదు.

లోపలికి దిగేవాళ్ళ ఛాతీ మీద ఒక బిళ్ళ ఉంటుంది. ఒంటికి రేడియేషన్ ఎంత తగిలిందో ఆ బిళ్ళ పట్టి ఉంచుతుంది. అది హద్దు దాటితే 'నిండిపోయాడు' అంటారు. నిండినవాడికి ఇక ఆ ఏడాది పని లేదు, కూలి లేదు. కడుపు నిండాలంటే బిళ్ళ నిండకూడదు. అందుకని మనుషుల్ని తెచ్చే మేస్త్రీ ఒక ఏర్పాటు చేశాడు. దిగేముందు బిళ్ళ తీసి 'అక్క డబ్బా'లో వేసి పోవాలి. అక్క అంటే ఈవిడే. వాళ్ళతోపాటు లోపలికి దిగే కన్నకొడుకు కూడా నవ్వుతూ "అక్కా, నా బిళ్ళ జాగ్రత్త" అనేవాడు. ఇస్త్రీ బల్ల కింది అరలో ఉన్న పాత బిస్కెట్ల డబ్బా అది. మనుషులు లోపల మాడుతుంటే బిళ్ళలు బయట చల్లగా కూర్చునేవి. ఛీ, ఏం బతుకు! అయినా అందరూ ఒప్పుకున్నారు. పదిమందికి ఉపకారం చేస్తున్నాననే ఆవిడా అనుకుంది.

తనకీ కోడలికీ బిళ్ళల్లేవు. కోడలు పనిలో చేరిన కొత్తలో ఆవిడ ఒకసారి అడిగింది. మేస్త్రీ పకపకా నవ్వి, శుభ్రమైన గదిలో బిళ్ళెందుకక్కా, సబ్బుకి సబ్బు రాస్తావా అన్నాడు. ఆవిడా నవ్వేసింది.

మేస్త్రీ ఊడిపడ్డాడు. ఎప్పటిలాగే గడప అవతల నిలబడ్డాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గడప దాటలేదు. ఆడవాళ్ళు పనిచేసే గది అని మర్యాద పాటిస్తున్నాడని ఆవిడ నలుగురి దగ్గరా మెచ్చుకునేది.

"ఆ డబ్బాని ఎక్కడ పెట్టి తగలేశావక్కా? ముగ్గురి బిళ్ళలు నిండిపోయాయంట. అందులో మీవాడిది ఒకటి. ఇప్పుడే గేటు బయటికి పంపేశారు."

ఆవిడ చేతిలో జల్లెడ అలాగే ఉండిపోయింది. కొడుకు బిళ్ళ పెట్టుకుని దిగిందే లేదు.

"డబ్బాలో ఉన్న బిళ్ళ ఎలా నిండుతుంది మేస్త్రీగారూ?"

"ఆ విడిచిన డ్రెస్సుల గుట్ట పక్కన పెడితే నిండదా మరి?"

అనేసి నాలిక్కరుచుకున్నాడు. గొంతు తగ్గించి, పోనీలే, రేపట్నుంచి డబ్బాని గేటు దగ్గర పూలకుండీల వెనక పెడదామన్నాడు. ఇక్కడుంచితే బిళ్ళలు పాడైపోతాయట.

బిళ్ళలు పాడైపోతాయట!

ఆవిడ బల్ల వైపు చూసింది. కోడలు మడతలు ఆపేసి, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. ఆ కడుపుకీ డబ్బాకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క పలక. డబ్బాలో బిళ్ళల్ని నింపినది పక్కనున్న కడుపుని వదిలిపెడుతుందా? ఆవిడ తన వేళ్ళకంటిన పీచుని చూసుకుంది.

"డబ్బాని మారుస్తారు. మరి మా సంగతి?"

"అబ్బా, అది తర్వాత చూద్దాంలే. ముందు డ్రెస్సులివ్వు, దొరలు సాక్సుల మీద నిలబడ్డారక్కడ. మీవాడి గురించి దిగులెందుకు? ఇంకో పేరుతో కొత్త బిళ్ళ తీయిస్తా. రేపు మళ్ళీ దిగుతాడు."

కాసేపటి కిందటైతే ఆ మాటకి ఆవిడ చేతులెత్తి దణ్ణం పెట్టేదేమో. కొడుకు కూలి లేకపోతే ఇల్లు గడవదు. ఇప్పుడు మాత్రం, వాణ్ణి ఏ పేరుతో దింపినా దిగేది తన బిడ్డ ఒళ్ళేగా అనిపించింది. వాడి బిడ్డ ఇక్కడ, ఈ కంపులో. అసహ్యమేసింది, మేస్త్రీ మీద, ఈ గది మీద, డబ్బాని భద్రంగా దాచిన తన చేతుల మీద.

పంపు కింద చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. కోడలి భుజం పట్టి లేపింది. రెండో చేత్తో డబ్బా తీసుకుంది. ఇద్దరూ మేస్త్రీని దాటుకుని బయటికొచ్చారు. డబ్బాని ఎండలో, అందరికీ కనబడేలా మెట్టు మీద పెట్టింది.

"ఎక్కడికక్కా? డ్రెస్సులేవీ?"

"బల్ల మీదున్నాయి. ఇస్త్రీ కూడా అయింది. వెళ్ళి తెచ్చుకోండి."

"నువ్వు తెచ్చివ్వు."

"నేను ఇక ఆ గడప తొక్కను. నా కోడలూ తొక్కదు. మీరు వెళ్ళండి మేస్త్రీగారూ. శుభ్రమైన గదేగా."

దూరంగా ఎవరో మేస్త్రీని కేకేశారు, డ్రెస్సుల కోసం. ఆయన రుమాలు ముక్కుకి గట్టిగా అదుముకున్నాడు. గడప మీదుగా బూటు కాలు ఎత్తాడు. లోపల గోడవారనున్న గుట్టనొకసారి చూశాడు. ఎత్తిన కాలు మెల్లగా వెనక్కి దించాడు.

అత్తా కోడళ్ళు ఆ బూటు వైపే చూస్తూ నిలబడ్డారు.